వాగ్దానం పట్టుకుని అడిగినోళ్లు: ఒంగోలు కొండ నుంచి పాలమూరు తండా దాకా

గ్రూపులో ఉన్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే, జై సేవాలాల్, వందనాలు. మూడు మాటలూ ఎందుకు రాస్తున్నామంటే, మనలో మూడు రకాలుగా పలకరించుకునేవాళ్లం ఉన్నాం. ఒకే తండాలో ఉన్నాం, ఒక్కోసారి ఒకే ఇంట్లో కూడా ఉన్నాం. పోస్ట్ పొడుగైంది, జర ఓపికతో చివరిదాకా చదవండి.

ప్రతి డిసెంబర్ 31 రాత్రి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చర్చిల్లో, తండాల్లో రేకుల షెడ్డు కింద పెట్టుకునే ప్రార్థన కూటాల్లో కూడా, పన్నెండు దాటినంక ఒక పళ్లెం తిరుగుతది. అందులో చిన్న చిన్న కార్డులుంటాయి. ఒక్కో కార్డు మీద బైబిల్‌లోని ఒక వాగ్దానం. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. అదే ఆ ఏడాదికి వాళ్ల వాగ్దానం. కొందరు గోడకు అంటిస్తారు, కొందరు ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటారు. ఏడాదంతా మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ఆ మాటే ఎత్తి "ప్రభువా, నువ్వు మాటిచ్చినవ్ గదా, మమ్మల్ని ఆశీర్వదించు" అని అడుగుతారు.

దీని మీద మన గ్రూపులో రెండు మాటలు వినిపిస్తున్నాయి. "ఇది తెల్లోళ్లు తెచ్చిన అలవాటు, మనకేం సంబంధం" అని కొందరు. "దేవుని మాట మీద ప్రశ్నలు వేయొద్దు, నమ్మితే చాలు" అని ఇంకొందరు. మేము హాస్టల్ల ఉండి చదువుకునేటోళ్లం. మా ఇండ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఏ మాటైనా వినంగనే ఒప్పుకోవద్దు, వినంగనే కొట్టేయొద్దు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి అన్నది చదువు మాకు నేర్పిన మొదటి సంగతి. అందుకే వాగ్దానం పట్టుకుని ప్రార్థించడం అనే అలవాటుకు ఉన్న చరిత్రను వరుసగా పెడుతున్నాం. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే: చరిత్రలో వాగ్దానం పట్టుకుని అడిగినవాళ్లెవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు, తమ ఒక్కరి కోసమే అడగలేదు. ఆ రెండూ తీసేస్తే చేతిలో మిగిలేది కాగితమే.

కార్డు ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు కాగితం సంగతే చూద్దాం. ఇప్పటి జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరుంది. 1722లో మొరావియా ప్రాంతం నుంచి మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చినవాళ్లు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు వాళ్లకు తన భూమిలో చోటిచ్చాడు. 1728లో ఆయన ఆ ఊరివాళ్లకు రోజుకొక మాట ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ మాటను ఇంటింటికీ పోయి చెప్పేవాళ్లు. 1731 నుంచి అవి పుస్తకంగా అచ్చయ్యాయి. ఇప్పటికీ ఏటా అనేక భాషల్లో వస్తూనే ఉన్నాయి. అంటే ఈ అలవాటు రాజుల కోటలో పుట్టింది కాదు. ఊరు వదిలి వచ్చినవాళ్లు ఒకరి ఇంటికి ఒకరు పోయి ధైర్యం చెప్పుకోవడంలో పెరిగింది.

ఏడాది చివరి రాత్రి మేలుకుని ప్రార్థించడం కూడా ఆ మొరావియన్ల దగ్గర ఉన్నదే. మేలుకుని చేసే రాత్రి కూటాలను 1740లలో ఇంగ్లండ్‌లో జాన్ వెస్లీ మెథడిస్టుల్లోకి తెచ్చాడు. ఆ కూటాలకు బొగ్గు గనుల కూలీలు వచ్చేవాళ్లు. తర్వాత 1888లో లండన్ బోధకుడు స్పర్జన్ రోజుకొక వాగ్దానం చొప్పున ఒక పుస్తకం వేశాడు. విశ్వాసపు బ్యాంకుకు చెక్కు పుస్తకం అని దానికి పేరు పెట్టాడు. చెక్కు అనే ఆ పోలిక మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బైబిల్‌లో ఎవరు ఎట్ల అడిగారు?

కార్డులు లేని కాలంలో సంగతేంది? బైబిల్ తెరిచి చూస్తే వాగ్దానం పట్టుకుని అడిగినవాళ్లు చాలామంది కనబడతారు. ముగ్గురిని చెప్తాం.

మొదటివాడు యాకోబు. ఆదికాండము 32లో ఉంది. ఆయన పశువుల కాపరి. గొర్రెలు, మేకలు, ఒంటెలు, ఆవులు తోలుకుని, పెండ్లాం పిల్లలతో సొంతూరికి తిరిగొస్తున్నాడు. మన తాతలు గోదలు తోలుకుని ఊరూరా తిరిగినట్టే. ఎదురుగా అన్న ఏశావు నాలుగు వందల మందితో వస్తున్నాడని కబురొచ్చింది. భయపడ్డాడు. అప్పుడు ఆయన చేసిన ప్రార్థన దేవుడు ఇచ్చిన మాటను దేవుడికే గుర్తు చేయడం: నీ దేశానికి తిరిగి పో, నీకు మేలు చేస్తానన్నది నువ్వే గదా అని. కానీ ఆ అధ్యాయం మొత్తం చదవండి. ప్రార్థనకు ముందే మందను రెండు గుంపులు చేశాడు, ఒకటి పోయినా ఇంకోటి మిగులుతదని. ప్రార్థన తర్వాత అన్నకు కానుకగా పశువులను ముందు పంపాడు. నమ్మిక ఉంది, జాగ్రత్తా ఉంది.

రెండోవాడు నెహెమ్యా. పరాయి రాజు దగ్గర కొలువులో ఉన్నవాడు. సొంతూరి గోడలు కూలిపోయాయని విని ఏడ్చాడు. మోషేకు దేవుడిచ్చిన మాటను ఎత్తి చూపి ప్రార్థించాడు. చెదిరిపోయినవాళ్లను మళ్లీ కూడబెడతానన్న మాట అది. తర్వాత రాజు దగ్గరికి పోయి సెలవు అడిగాడు, అధికారులకు ఉత్తరాలు అడిగాడు, కలపకు అనుమతి అడిగాడు. ఊరికి పోయి జనాన్ని కూడగట్టి 52 రోజుల్లో గోడ కట్టించాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ప్రార్థన చేశాడు, అర్జీ పెట్టాడు, పని చేయించాడు.

మూడోవాడు దానియేలు. చిన్నప్పుడే బబులోనుకు పట్టుకుపోబడ్డవాడు. ముసలితనంలో యిర్మీయా రాసింది చదువుతుంటే చెర 70 ఏళ్లని కనబడింది. కాలం దగ్గరపడ్డదని తెలిసి ఊరుకోలేదు. గోనెపట్ట కట్టుకుని ప్రార్థించాడు. ఆ ప్రార్థనలో ముందు ఒప్పుకున్నది తమ జనం చేసిన తప్పులను. దానియేలు 9 మొత్తంలో "నాకు ఇది కావాలి" అన్న మాట దాదాపు లేదు. అంతా "మేము", "మా జనం", "మా పట్టణం".

ముగ్గురిలోనూ ఒకే పద్ధతి ఉంది. ఇచ్చిన మాటను గుర్తు చేయడం, తమ ఉన్న స్థితిని దాచకుండా చెప్పడం, చేయగలిగిన పని చేయడం. మన దగ్గర పెద్దమనుషులు కూడా ఇదే అంటారు: మాట ఇచ్చినోడిని మాట అడగాలె, అడిగినంక మన పని మనం చేసుకోవాలె.

ఒంగోలు కొండ మీద ఐదుగురు

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. తెలుగులో సువార్తలు 1812లో, కొత్త నిబంధన 1818లో అచ్చయ్యాయి. 1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా వచ్చినవాళ్లు చాలా తక్కువ. 1853లో అమెరికాలో జరిగిన వాళ్ల సభలో ఈ పని మూసేద్దామా అన్న చర్చే వచ్చింది. తెలుగు మిషన్‌కు "ఒంటరి నక్షత్రం" అన్న పేరు ఆ చర్చ రోజుల్లోనే వచ్చింది.

అట్లాంటి సమయంలో, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. లైమన్ జ్యూవెట్, ఆయన భార్య యుఫీమియా, ఇంకా ముగ్గురు తెలుగువాళ్లు: నరసు, జూలియా, రూతు. కొండల మీద సువార్త మోసుకొచ్చే పాదాలు ఎంత అందమైనవో చెప్పే యెషయా 52ను చదివి, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్లు అడిగారు. ఇప్పుడు దాన్ని ప్రార్థన కొండ అంటున్నారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లే, అందులో ఇద్దరు ఆడవాళ్లు. చరిత్ర చెప్పేటప్పుడు జ్యూవెట్ దొర పేరే మొదట వస్తుంది, జూలియా, రూతుల పేర్లు చివరికి పోతాయి. మన గ్రూపులోనన్నా ఆ పేర్లు ముందు రాసుకుందాం. రెండు, జవాబు తెల్లారేసరికి రాలేదు. జాన్ క్లాఫ్ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే 12 ఏళ్లు. ఒక జనవరి 1న అడిగింది ఆ డిసెంబర్ 31కల్లా అందాలని వాళ్లు గడువు పెట్టలేదు.

క్లాఫ్ వచ్చినంక కూడా పనిని ఊళ్లల్లోకి మోసుకుపోయింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. ఆయన మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకు ముందు యోగ సాధన చేసినవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లాఫ్ 1899లో వచ్చిన తన పుస్తకంలో రాసింది. అంటే ఆయన ఖాళీ చేతులతో రాలేదు. దేవుణ్ని వెతకడం ఆయనకు ముందే తెలుసు. ఈ సంగతి మన తండాల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ గుర్తు చేస్తాం.

తర్వాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. ధాత కరువు అని ముసలోళ్లు చెప్పుకునేది అదే. జనం ఊళ్లకు ఊళ్లు వదిలిపోయారు. "అడగండి, దేవుడిస్తాడు" అని చెప్పి ఊరుకునే అవకాశం క్లాఫ్‌కు ఉండె. ఆయన అట్ల చేయలేదు. అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవం ఉన్నవాడు కాబట్టి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పార, తట్ట ఇచ్చి కూలి ఇచ్చాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. అందులో పని చేసినోళ్లలో ఎక్కువమంది మాదిగలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కరువు సాయం జరిగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రావొద్దని, తిండి చూపించి మతం మార్చారన్న మాట అసలే రావొద్దని. సాయం పంచడం ముగిసినంకనే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఆ పని చేశారు. అన్నం వేరు, నమ్మకం వేరు అని గీత గీసినంకనే అంతమంది వచ్చారు. ఈ గీత సంగతి ఇవాళ ఆశీర్వాదం పేరుతో డబ్బు అడిగేవాళ్లందరికీ చదివి వినిపించాలి.

అదే కాలంలో సముద్రం అవతల

ఒంగోలు కొండ ఎక్కినవాళ్లను పంపిన సంఘం కార్యాలయం అమెరికాలోని బోస్టన్‌లో ఉండేది. ఆ కొండ ప్రార్థన అయిన దాదాపు తొమ్మిదేళ్లకు, 1862 డిసెంబర్ 31 రాత్రి, ఆ దేశంలోని నల్లజాతి చర్చిల్లో జనం నిద్రపోకుండా కూర్చున్నారు. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలు జనవరి 1 నుంచి స్వతంత్రులని అధ్యక్షుడు లింకన్ ముందే ప్రకటించి ఉన్నాడు. ఆ మాట నిలబడుతుందా లేదా అని ఎదురుచూపు. మరునాడు బోస్టన్‌లో ట్రెమాంట్ టెంపుల్ అనే బాప్టిస్టుల మందిరంలో, బానిసగా పుట్టి తప్పించుకుని నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్, వేలమందితో కలిసి తంతి కబురు కోసం కాచుకున్నాడు. రాత్రి పొద్దుపోయాక కబురొచ్చింది. అప్పటి నుంచి నల్లజాతి చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రికి ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది.

వాళ్లు తరతరాలుగా పట్టుకున్నది ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులను విడిపించిన దేవుని మాటను. దాంతో పాటు పారిపోయి వచ్చినవాళ్లను దాచారు, పత్రికలు నడిపారు, సైన్యంలో చేరి కొట్లాడారు. దేవుని వాగ్దానం, ప్రభుత్వ వాగ్దానం రెండింటినీ ఒకే రాత్రి మేలుకుని కాచుకున్నారు. మన దగ్గర పోడు పట్టా కోసం, స్కాలర్‌షిప్ కోసం కాచుకునేవాళ్లకు ఈ రాత్రి ఎట్లుంటదో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పాలమూరుకు ఎట్ల వచ్చింది?

ఇప్పుడు మన మూడు జిల్లాలు. 2016 అక్టోబర్ 11 దాకా ఇవన్నీ పాలమూరు అనే మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. నిజాం కాలంలో గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉండేవి. పైన నిజాం, మధ్యలో సంస్థానం రాజా, ఊర్లో దొర, పటేలు, పట్వారీ. కింద ఉన్నోళ్లకు మాట ఇచ్చేవాళ్లే లేరు, హుకుం చేసేవాళ్లే ఉన్నారు. అట్లాంటి చోట "దేవుడు నీకు మాట ఇచ్చిండు" అనే సంగతి వినడమే కొత్త.

1880లలో ఎల్బర్ట్ చ్యూట్ అనే బాప్టిస్టు మిషనరీ పాలమూరులో స్థిరపడ్డాడు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్ నల్గొండలో పని మొదలుపెట్టారు. 1899 నుంచి అమెరికాలోని మెనోనైట్ బ్రదరెన్ వాళ్లు హైదరాబాద్‌కు రావడం మొదలైంది. 20వ శతాబ్దం మొదటి దశకంలో బర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో మిషన్ పెట్టాడు. తర్వాత వనపర్తి, కల్వకుర్తి, దేవరకొండ వైపు పని సాగింది. బాప్టిస్టుల చేతిలో ఉన్న పాలమూరు ప్రాంతపు పని 1930ల చివర్లో మెనోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. మన ఊర్లల్లో ఎంబీ చర్చి అంటే ఇదే. ఎంబీ అంటే మెనోనైట్ బ్రదరెన్.

ఈ మెనోనైట్లు ఎవరు? యుద్ధం చేయం, కత్తి పట్టం అన్నందుకు తరిమివేయబడ్డవాళ్ల సంతతి. ప్రష్యా నుంచి ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతానికి, అక్కడి నుంచి 1870లలో చాలామంది అమెరికాకు మూటాముల్లె కట్టుకుని పోయినవాళ్లు. వలస అంటే ఏందో తెలిసినవాళ్లు.

వాళ్లలో మేము ముఖ్యంగా చెప్పదలుచుకున్నది డాక్టరమ్మ కతరీనా షెలెన్‌బర్గ్ గురించి. 1870లో పుట్టింది. ఉక్రెయిన్ ప్రాంతం నుంచి అమెరికా చేరిన కుటుంబం. వైద్యం చదివి 1907లో ఇక్కడికి వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో, హైదరాబాద్‌లో, చివరికి శంషాబాద్ ఆసుపత్రిలో పనిచేసి, 1945 జనవరిలో ఇక్కడే చనిపోయింది. దేవుడు స్వస్థపరుస్తాడన్న వాగ్దానాన్ని నమ్మిన మనిషే ఆమె. ఆ నమ్మకం ఆమెను మందుల పెట్టె పట్టుకుని తిరిగేలా చేసింది. ప్రార్థన, మందు ఒకే చేతుల నుంచి వచ్చాయి. మన ప్రాంతంలో ఈ నమ్మకం మొదలైనప్పటి రూపం ఇది.

మన తండాలు, పెంటలు

నిజం చెప్పుకోవాలంటే ఆ మొదటి రోజుల్లో చర్చికి వచ్చినవాళ్లు ఎక్కువగా మాదిగ, మాల కులాలవాళ్లు. మన లంబాడీ తండాలకు, నల్లమలలో చెంచు పెంటలకు ఈ మాట ఆలస్యంగా, కొద్దికొద్దిగా వచ్చింది. తండా ఊరికి దూరం. ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, బోధ జరిగేది తెలుగులో. అన్నిటికంటే ముఖ్యం, మనకు మన ప్రార్థనలు ముందే ఉన్నాయి.

1940లో క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల దగ్గర ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. దొరికిన దాంట్లో కొంచెం గారెల మైసమ్మకు పెట్టి, ఇట్లనే మళ్లీ దొరకాలని మొక్కుకోవడం గురించి అందులో ఉంది. చిన్న ప్రార్థనే, కానీ ముందు కృతజ్ఞత, తర్వాత అడగడం. మన లంబాడీల్లో భోగ్ పెట్టి అరదాస్ చేసేటప్పుడు సేవాభాయాను, మేరామాయాడిని తలుచుకుని తండా అంతా బాగుండాలని అడుగుతాం. సీత్లా పండుగకు పశువులు చల్లగా ఉండాలని, వానలు పడాలని మొక్కుతాం. గమనించండి, అన్నీ తండా కోసం, మంద కోసం, అడవి కోసం. "నాకొక్కడికే" అన్న ప్రార్థన మన పెద్దల దగ్గర కనబడదు.

అందుకే మేము అనేది: పేరయ్య లాగే మన తండాల్లో చర్చికి పోయినవాళ్లు కూడా ఖాళీ చేతులతో పోలేదు. అందరి కోసం అడగడం అనే అలవాటు తీసుకునే పోయారు. దాన్ని అక్కడ పోగొట్టుకోకపోతే చాలు. పోనివాళ్లు కూడా తమ దగ్గర ఉన్నదాని విలువ తక్కువని అనుకోనక్కర్లేదు.

ఇంకో మాట. "చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతది" అని కొందరు భయపెడుతున్నారు. షెడ్యూల్డ్ కులాలకు 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలోకి వచ్చారు, అందులోనూ మతం మాట లేదు. ఏ దేవుణ్ని మొక్కాలన్నది మన మనసుకు సంబంధించింది. దీని పేరు మీద అన్నదమ్ములు మాటలు మానుకోవడం మాత్రం తండాకు మంచిది కాదు.

వలసపోయినోళ్లకు రాసిన ఉత్తరం

కార్డుల్లో అందరికీ ఇష్టమైన వాగ్దానం ఒకటుంది, యిర్మీయా 29:11. మీకు కీడు కాదు, మేలు చేసే ఆలోచనే నాది, మీకు మంచి భవిష్యత్తు ఉంది అని దేవుడు చెప్పే మాట. కార్డు మీద ఆ ఒక్క వచనమే ఉంటది. అసలు అది ఒక ఉత్తరంలోని ముక్క. క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోబడినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. సొంతూరు పోయి, పరాయి ఊర్లో బతుకుతున్నవాళ్లకు రాసినది. అంటే పాలమూరు లేబర్‌కు రాసినట్టే.

మన తాతలు, నాయనలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పిల్లలను ముసలోళ్ల దగ్గర వదిలి, ఏ రాష్ట్రంలో డ్యామ్ కడితే ఆ రాష్ట్రం పోయారు. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన చేతులు పాలమూరువి, పాలమూరు పొలానికి మాత్రం నీళ్లు లేవు. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో కొల్లాపూర్ వైపు ఊళ్లకు ఊళ్లే మునిగిపోయాయి. మాలో చాలామంది హాస్టల్‌కు వచ్చింది కూడా అందుకే. అమ్మా నాయన పనికి పోతే అన్నం పెట్టి బడికి పంపేది హాస్టలే.

ఆ ఉత్తరంలో 11వ వచనం ముందు ఏముందో చదవండి. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెండ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం బాగుండాలని కోరుకోండి, దాని కోసం ప్రార్థించండి. ఆ పైన 70 ఏళ్లు పడుతుందని కూడా ఉంది. 70 ఏళ్లంటే ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎవరూ తిరిగి పోరు, మనవలు పోతారు. అట్లాంటి వాగ్దానం అది. "ఈ ఏడాదిలో నీకు ఉద్యోగం" అన్న అర్థం దాంట్లో లేదు. తాత నాటిన చెట్టు కింద మనవడు కూర్చుంటడన్న అర్థం ఉంది. మేము కాలేజీ బెంచీ మీద కూర్చోవడం చూస్తే ఆ మాట మాకు బాగా అర్థమైతది.

ఇంకో కార్డు ద్వితీయోపదేశకాండము 28. కాలానికి వాన, చేతి పనికి ఆశీర్వాదం. రైతు ఇంట్లో దానికి చాలా విలువ. అదే పుస్తకం 24వ అధ్యాయంలో కూలివాడి కూలి ఏ రోజుకారోజు పొద్దు మునగక ముందే ఇవ్వాలని ఉంది. వాన వాగ్దానం మీద ప్రార్థించే మేస్త్రీ, కూలి ఆపుకుంటే ఆ ప్రార్థన ఎట్ల నిలుస్తది? ఆశీర్వాదం ఉన్న పుస్తకంలోనే లెక్క కూడా ఉంది.

ఇవాళ ఏమైతుంది?

స్పర్జన్ చెక్కు పోలిక గుర్తుందా? ఆయన కాలంలో అది ధైర్యానికి చెప్పిన మాట. ఇవాళ కొన్ని చోట్ల అది నిజంగానే బ్యాంకు లెక్కలాగ మారింది. ముందు ఇంత విత్తనం వెయ్యి, దేవుడు ఇన్ని రెట్లు ఇస్తాడని చెప్పి, అడ్వాన్స్ డబ్బులోంచి కూడా తీసుకునేవాళ్లు ఉన్నారు. మాకు తెలిసిన ఒక ఇంట్లో చక్కెర జబ్బు ఉన్న ముసలామెతో, నమ్మకం ఉంటే మాత్రలు ఎందుకు అని మాత్రలు మాన్పించారు. ఆమె కాలు తీసేయాల్సి వచ్చింది. పేర్లు రాయము, గొడవ మా ఉద్దేశం కాదు. కానీ నాగర్‌కర్నూల్‌కు ఈ నమ్మకంతో వచ్చిన మొదటివాళ్లలో ఒకామె డాక్టరమ్మ అన్న సంగతి ఆ రోజు ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసినా మంచిగుండేది.

బైబిల్‌లోనే ఒక ఘట్టం ఉంది, మత్తయి 4లో. గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారని రాసి ఉంది గదా అని యేసుకు 91వ కీర్తనలోని వాగ్దానం ఎత్తి చూపించింది ఎవరు? సాతాను. యేసు దూకలేదు. దేవుణ్ని పరీక్షించొద్దని జవాబిచ్చాడు. వాగ్దానాన్ని తప్పుగా వాడుకోవచ్చని, ఎవరు ఎత్తి చూపినా ఆలోచించాలని ఇంతకంటే ఖరాగా ఎవరు చెప్పగలరు?

మొత్తం ఆశీర్వాదాల వరుసకు మొదలు అబ్రాహాము. ఆదికాండము 12లో దేవుడు ఆయనను ఆశీర్వదిస్తానని చెప్పి, అక్కడే నువ్వు ఆశీర్వాదంగా ఉండు అని కూడా అన్నాడు. కార్డుల మీద మొదటి సగమే అచ్చవుతుంది, రెండో సగం మనమే రాసుకోవాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాబోయే డిసెంబర్ 31న కార్డు తీసుకునేవాళ్లు తీసుకోండి. తీసుకున్నంక ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఆ మాట ఎవరికి, ఏ కష్టంలో చెప్పారో చూడండి. మీ పేరుతో పాటు తండాలో ఒకరి పేరు పెట్టి అడగండి: వలసపోయిన అన్న, చదువు మానేసిన చెల్లె, పట్టా రాని కాక. అడిగినంక వాళ్ల కోసం చేయగలిగిన ఒక పని చేయండి, దరఖాస్తు నింపడమైనా, ఆసుపత్రికి తోలుకపోవడమైనా. కార్డు తీసుకోనివాళ్లు భోగ్ దగ్గర అదే పేరు చెప్పి మొక్కండి, అదే పనికి తోడు రండి.

ఇంకో కోరిక. మీ ఊర్లో మొదట చర్చికి పోయిన ముసలోళ్లను, మొదట సేవాలాల్ గుడి కట్టిన ముసలోళ్లను కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరం, ఏ కరువు, ఏ జబ్బు, ఏం మొక్కుకున్నరు, ఏమైంది. వాళ్ల మాటల్లోనే రాసి గ్రూపులో పెట్టండి. మిషనరీల చరిత్ర వాళ్లు రాసుకున్నారు. మన తండాల ప్రార్థనల చరిత్ర ఇంకా నోటి మీదనే ఉంది, అది తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క ముసలామె దగ్గర కూర్చున్నా చాలు.